ఉడుము జాడీ

తెక్లాకి అసూయ ఏ రోజున పట్టుకుందో మా హాబాంగ్ ఊళ్ళో ముసలాళ్ళందరికీ గుర్తే. అది ఆమె అక్క అగినాయా పెళ్ళిరోజు. అక్కకి పదిహేడేళ్ళు, చెల్లెలికి ఏడు. పందిని కోసి, జేగంటలు మోగించి, ఊరంతా తిని తాగి తూలుతున్న వేళ తండ్రి నిచ్చెనెక్కి, ఎత్తు స్తంభాల మీద కట్టిన ఇంట్లోంచి ఉడుము జాడీని దించాడు. ఎర్రచారల దుప్పట్లో చుట్టి కొత్తల్లుడి వీపుకి కట్టాడు. “పెద్దదానిది పెద్దదానికి” అన్నాడు. మా కొండల్లో మొదట పుట్టినవాళ్ళకి మంచి మడీ, జాడీ, పూసలూ. తరవాత పుట్టినవాళ్ళకి మిగిలింది, అదీ మిగిలితే. ఇందులో వాదించడానికేం లేదు. ఏడేళ్ళ తెక్లాకి మాత్రం ఆ సంగతి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

“నాది! ఉడుము నాది!” అని అరుచుకుంటూ పోయి బావ పిక్క కొరికింది. బావ గెంతిన గెంతుకి జాడీతో సహా మడిలో పడబోయి, గట్టు మీద ఉన్న మా ఊరి బుమాహిత్, అప్పటికింకా పడుచువాడు, పట్టుకోబట్టి ఆగాడు. తల్లి వచ్చి పిల్లని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయింది. ఊరు ఊరంతా నవ్వింది. పిక్క మీద పళ్ళగాటు వారంలో మానింది గానీ కరిచినదాని కడుపుమంట నలభై ఏళ్ళు మానలేదు.

జాడీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. మోకాలికి పైన, నడుముకి కింద దాని ఎత్తు. తేనెరంగు మెరుగు, మెడ చుట్టూ నాలుగు చెవులు. కడుపు మీద కాళ్ళూ గోళ్ళూ పొడుగు తోకా ఉన్న జంతువు చుట్టుకుని ఉంటుంది. చైనాలో దాన్ని చేసినవాళ్ళు ఏ జంతువనుకుని చేశారో మాకు తెలీదు, మాకది ఉడుము. ఒకసారి దిగువనుంచి బదిలీ మీద వచ్చిన పంతులు దాన్ని చూసి, అది ఉడుము కాదు, నిప్పులు కక్కే పాము, కావాలంటే ఆ మీసాలు చూడండి అన్నాడు. బుమాహిత్ వక్క ఉమ్మి, “మీసాలుంటే ముసలి ఉడుము. అంతేగా?” అన్నాడు.

తెక్లావాళ్ళ ముత్తాత తాత దాన్ని సముద్రపు ఒడ్డునుంచి మోసుకొచ్చాడంటారు. ఓడలవాళ్ళు ఇలోకోస్ రేవులో దించితే, మా ఏటి బంగారపు రజనూ మైనపు ముద్దలూ రెండు పందులూ ఇచ్చి తీసుకుని, ఏడు రోజులు కొండలెక్కాడట. జేగంటలూ అలా వచ్చినవే. పెళ్ళికూతుళ్ళు మెడలో వేసుకునే ఎర్రపూసలు ఇంకా అవతలి సముద్రాలు దాటి వచ్చాయంటారు. నిజం చెప్పొద్దూ, మా ఊళ్ళో గొప్పగా చెప్పుకునే వస్తువుల్లో ఒక్కటీ మా ఊళ్ళో పుట్టింది కాదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! ఇంట్లో మనిషి చేసినదాన్ని మెచ్చుకోవాలంటే మావాళ్ళకి నాలుక తిరగదు.

తెక్లా పెద్దదై బల్లోగ్‌ని చేసుకుంది. అతనూ రెండోవాడే. ఇద్దరు రెండోవాళ్ళు కలిస్తే ఏముంటుంది? వాలులో చిలగడదుంపల పాదు, ఒక పెట్ట, ఓ కుంటి పంది. కాపురం పెట్టిన ఏడాది ఇద్దరూ నడుచుకుంటూ బనావే సంతకి పోయి, ఇలోకోస్ వాడి దగ్గర ఒక నల్ల జాడీ కొన్నారు. దాని మీద ఉడుమూ లేదు, తొండా లేదు. చేపల ఉప్పూరగాయ పోసిన జాడీ అది, చవగ్గా వచ్చింది. ఏడుసార్లు వేడినీళ్ళతో కడిగినా ఎండపొద్దున దాని నోట్లో ముక్కు పెడితే సముద్రం కంపే. తెక్లా దాన్ని బోర్లించి పొగ పెట్టింది. తరవాత అందులో కల్లు పెట్టింది.

బియ్యపు కల్లు పెట్టడం ఆమె తల్లి దగ్గర నేర్చుకుంది. జిగురుబియ్యాన్ని మూకుట్లో ఎర్రగా వేయించాలి, మాడకూడదు. తరవాత వండాలి, మెత్తబడకూడదు. అరిటాకుల మీద పరిచి, చెయ్యి పెడితే చంటిపిల్ల ఒళ్ళంత వెచ్చగా ఉన్నప్పుడు పులియబెట్టే బిళ్ళల్ని నలిపి చల్లాలి. ఆ ‘మాడకూడదు, మెత్తబడకూడదు, చంటిపిల్ల ఒళ్ళంత’ అన్నచోటే చెయ్యి కావాలి. తెక్లాకి ఆ చెయ్యి ఉంది. మూడేళ్ళు తిరక్కుండానే పెళ్ళికైనా చావుకైనా కొత్త ఇంటి కప్పుకైనా జనం ఆమె నిచ్చెన కింద నిలబడేవాళ్ళు. “తెక్లా చెయ్యి” అంటే చాలు, ఏ కల్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పక్క లోయలవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

ఇంకొకత్తె అయితే దాంతో తృప్తిపడేది. తెక్లా పడలేదు.

ఎందుకంటే ఏ విందుకైనా మధ్యలో కూచునేది ఉడుము జాడీయే. తెక్లా నల్ల జాడీ గోడవార, బస్తాల పక్కన. అగినాయా పెట్టిన కల్లు అందులోంచి ముంచి మొదట పెద్దలకి పోసేవాళ్ళు. బుమాహిత్ కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగి, “ఆహా, జాడీ అంటే జాడీయే” అనేవాడు. పక్కనున్నవాళ్ళు “మరేమనుకున్నావు, ఉడుము!” అనేవాళ్ళు. అగినాయా తల వంచుకుని ఇంకో చిప్ప ముంచేది. చెల్లెలి కళ్ళకి ఆ తల వంచుకోవడం మహారాణి వినయంలా కనిపించేది. ఇంటికొచ్చి కోళ్ళని తిట్టేది.

“దానికేం తెలుసు? బియ్యం ఎప్పుడు దించాలో తెలుసా? అమ్మ నాకు చెప్పినంత దానికి చెప్పిందా? అదంతా జాడీ మహిమ!” అనేది మొగుడితో.

“నీ కల్లునీ మెచ్చుకుంటున్నారు కదే.”

“గోడవార కూచోబెట్టి మెచ్చుకుంటున్నారు. నా కల్లు ఆ జాడీలో పడితే తెలుస్తుంది వీళ్ళకి!”

బల్లోగ్ కొడవలి నూరుకునేవాడు. తెలివైనవాడు.

అగినాయాకి పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఊరికంతా తేలిపోయిన ఏడాది తెక్లా లోలోపల సంతోషించింది. సంతోషించినందుకు సిగ్గుపడి చర్చికి పోయి మోకరిల్లింది. మోకరిల్లినప్పుడు కూడా, ‘ఇహ జాడీ ఎవరికి పోతుంది?’ అనే అనుకుంది. జవాబు వాళ్ళ బంధువుల్లో పెద్దలు చెప్పారు. పెద్దదానికి పిల్లల్లేరు కాబట్టి చెల్లెలి మొదటి బిడ్డకి పోతుంది. అంటే సబీనాకి. తన సొంత కూతురికి.

“మంచిదేగా, మనింటికే వస్తోంది” అన్నాడు బల్లోగ్.

“మనింటికి కాదు, సబీనా ఇంటికి. ముందు అక్క, తరవాత నా కూతురు. మధ్యలో నేనేమిటి? కాలవ దాటడానికి వేసిన రాయినా, అందరూ తొక్కుకుంటూ పోవడానికి?”

కన్నకూతుర్ని చూసి కుళ్ళుకున్న తల్లి మా ఊళ్ళో అదొక్కతే. సబీనా ఉయ్యాల్లో నవ్వుతుంటే ముద్దొచ్చేది, ముద్దుపెట్టుకుంటూనే, “నీకేం, పడుకుని ఉడుముని పట్టావు” అని సణిగేది. పట్టుకుంటే వదలనిది ఉడుము అంటారు. తెక్లాని పట్టిందీ అలాంటిదే.

ఆ సబీనాకి పెళ్ళి కుదిరింది. తెక్లాకి నలభై ఏడు, అగినాయాకి యాభై ఏడు. బావ పోయి అప్పటికి పదేళ్ళు. పెళ్ళికి నెల ఉందనగా ఒక పొద్దున్న అగినాయా గట్ల మీదుగా మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది. వీపున ఎర్రచారల దుప్పటి మూట. వెనకే సగం ఊరు. బుమాహిత్ ముందు వరసలో.

అగినాయా మూటని తెక్లా ఇంటికింద దించి విప్పింది. ఉడుము ఎండలో మెరిసింది.

“సబీనాకి ఇప్పుడే ఇచ్చేస్తున్నావా పెద్దమ్మా?” అన్నారెవరో.

“సబీనాకి కాదు. దాని తల్లికి” అని నవ్వింది. “నా చెల్లెలికి. అది పోయాక దాని కూతురికి ఇచ్చుకుంటుంది. మీరందరూ సాక్షులు.”

ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తెక్లా జాడీ ముందు చతికిలబడింది. నాలుగు చెవుల మీదా చేతులేసి నిమిరింది. తరవాత గానీ అనుమానం రాలేదు.

“ఎందుకే అక్కా, ఇప్పుడు?”

“ఎందుకేమిటే? నలభై ఏళ్ళుగా నా వీపు మీదే నీ చూపు. వీపు కాలిపోతోంది. తీసుకో, నీ చూపు దీని మీద పెట్టుకో.”

అంతా నవ్వారు. తెక్లా కూడా ఏడుస్తూ నవ్వింది.

“ఒట్టిచేతుల్తో ఎలా పోతాను, నీ నల్లదాన్ని ఇవ్వు. ఉప్పు పోసుకుంటాను” అంది అగినాయా.

“అయ్యో, పట్టుకుపో అక్కా! కంపుకొడుతుంది సుమా!”

అగినాయా నల్ల జాడీని దుప్పట్లో చుట్టుకుని, వచ్చినంత మెల్లిగా వెళ్ళిపోయింది. ఆమె గట్టు మలుపు తిరుగుతూ ఒకసారి వెనక్కి చూసిందని బల్లోగ్ తరవాత చెప్పాడు. ఆ క్షణాన తెక్లా చూడలేదు, ఉడుము మీసాల్ని గుడ్డతో తుడుస్తోంది.

పెళ్ళికల్లు తెక్లా ప్రాణం పెట్టి పెట్టింది. బియ్యం గింజగింజా ఏరింది. వేయిస్తున్నప్పుడు మొగుణ్ణి కూడా మాట్లాడనివ్వలేదు. పెళ్ళిరోజున ఉడుము జాడీ మధ్యలో కూచుంది. దాని పక్కన, గోడవార కాదు, నడిమధ్యన తెక్లా కూచుంది. మెడ నిటారుగా పెట్టింది. బుమాహిత్‌కి మొదటి చిప్ప అందించి అతని నోటికేసి చూసింది. నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట ఆ నోట్లోంచే రావాలి.

ముసలాడు కళ్ళు మూసుకున్నాడు. గుక్క మింగాడు. “ఆహా” అన్నాడు. “జాడీ అంటే జాడీయే.”

తెక్లా నవ్వు సగంలో ఆగింది. “కల్లు పెట్టింది నేను తాతా.”

“తెలుసమ్మా. ఉడుములో పెట్టావుగా, ఎలా చెడుతుంది? అందులో నీళ్ళు పోసినా కల్లే అవుతుంది.”

“మరేమనుకున్నావు, ఉడుము!” అన్నారు పక్కనున్నవాళ్ళు.

ఒక్కరు కూడా ‘తెక్లా చెయ్యి’ అనలేదు. పక్కలోయలోంచి వచ్చిన వియ్యాలవారు కూడా జాడీ చుట్టూ తిరిగి తట్టి చూసి, “ఎంత బాగా పులియబెట్టింది!” అన్నారు. పులియబెట్టింది తెక్లా కాదట, జాడీ! అగినాయా దూరంగా, బస్తాల పక్కన గోడవార కూచుని వక్క నములుతోంది.

ఆ తరవాత ఎన్ని విందులైతే అన్నిసార్లూ అదే. రోషమొచ్చి తెక్లా ఒకసారి నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో కల్లు పెట్టి నాట్లకి పట్టుకెళ్ళింది. అదే బియ్యం, అవే బిళ్ళలు, అదే చెయ్యి. జనం తాగి, “బాగానే ఉంది గానీ, ఉడుములోది కాదుగా” అన్నారు. ఉడుములో పెడితే ఉడుము గొప్ప, పెట్టకపోతే ఉడుము లేని లోటు. రెంటికీ చెడ్డ రేవడైంది తెక్లా. ఉన్న ఒక్క పేరూ పోయింది. అక్క మీద అసూయపడ్డ రోజుల్లో కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషుండేది. ఇప్పుడు ఓ మట్టిజాడీని చూసి పళ్ళు కొరుకుతోంది. దానికేమో మీసం కూడా కదలదు.

కోతలయ్యాక బుమాహిత్ ఇంటికి కొత్త గడ్డి కప్పుతున్నారు. ఊరంతా సాయానికి వచ్చింది. మధ్యాహ్నం అగినాయా నల్ల జాడీని మోసుకొచ్చి మెట్టు పక్కన పెట్టింది. ఉప్పు పోసుకుంటానని తీసుకెళ్ళిన జాడీ! చిప్పతో ముంచి బుమాహిత్‌కి ఇచ్చింది.

ముసలాడు ఒక గుక్క తాగాడు. కళ్ళు మూసుకోలేదు, పెద్దవి చేశాడు. ఇంకో గుక్క తాగాడు.

“ఒసే అగినాయా! నీ చేతిలో ఇంత ఉందా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే?”

“చేపలజాడీలో ఇంత రుచి తెచ్చిందంటే ఏం చెయ్యే అది!” అన్నారు కప్పు మీదనున్నవాళ్ళు. చిప్ప చేతులు మారుతూ కప్పెక్కింది. “అగినాయా చెయ్యి! అగినాయా చెయ్యి!” అని గడ్డిమోపులతో పాటు ఆ మాట కూడా పైకీ కిందికీ తిరిగింది.

చిప్ప తెక్లా దగ్గరికొచ్చింది. తాగకూడదనుకుంది, తాగింది. వేయించిన బియ్యపు వాసన, నాలుక చివర కొంచెం చేదు, ఆ వెనకే తీపి. అచ్చం తన కల్లే. అచ్చం అమ్మ కల్లే. అక్కకీ అమ్మ అంతే నేర్పిందని, తనకన్నా పదేళ్ళ ముందే నేర్పిందని తెక్లాకి ఎప్పుడూ తట్టలేదు. చిప్ప కిందపెట్టి నేరుగా అక్క దగ్గరికి పోయింది.

“ఇదా నీ ఉప్పు?”

అగినాయా తొణకలేదు. “ఉప్పు కొనలేదు. మిగిలిన బియ్యముంటే ఇది పెట్టాను.”

“కావాలనే ఇచ్చావు కదూ నాకా జాడీ? నా పేరు చెడాలని!”

“అవును” అంది అగినాయా. అంత సూటిగా అంటుందని తెక్లా అనుకోలేదు. “నలభై ఏళ్ళు పెట్టానే కల్లు. ప్రతి చిప్పకీ ‘జాడీ, జాడీ’. మొగుడు కూడా జాడీనే మెచ్చుకుంటూ పోయాడు. నువ్వేమో గోడవార కూచుని ‘తెక్లా చెయ్యి, తెక్లా చెయ్యి’ అనిపించుకున్నావు. కంపుకొట్టే జాడీలో! నేను తల వంచుకుని చిప్పలు ముంచుతుంటే నా కళ్ళల్లో ఏముందో ఒక్కసారైనా చూశావా? నీ మీద కుళ్ళుతో ఛస్తున్నానే నేను.”

“నా మీదా?” అంది తెక్లా.

“నీ మీదే. ఇప్పుడు నువ్వు విను, ‘జాడీ, జాడీ’ అని. నలభై ఏళ్ళు విను.”

“జాడీ తీసేసుకో అక్కా. నా నల్లది నాకిచ్చెయ్.”

“ఊరంతా సాక్షి. చచ్చేదాకా నీదే.”

తెక్లా ఇంటికొచ్చి మూడు రోజులు బియ్యం ఏరుతూ కూచుంది. కోళ్ళని కూడా తిట్టలేదు. నాలుగో రోజు పొద్దున్నే బుమాహిత్ వక్కసంచీ ఊపుకుంటూ వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు.

“మనవరాలి పెళ్ళి పెట్టుకున్నానమ్మా.”

తెక్లా ఒక్క ఉదుటున దిగింది. “కల్లు నేను పెడతా తాతా. బియ్యం ఏరే ఉన్నాయి.”

“అబ్బే, కల్లు అగినాయాకి చెప్పేశాను. ఆ చెయ్యి చూశావుగా!” ముసలాడు పెదవి చప్పరించాడు. “కాకపోతే, పెళ్ళన్నాక మధ్యలో ఉడుము లేకపోతే బోసిగా ఉంటుంది. నీ జాడీ ఇస్తావేమో అడుగుదామని.”

గోరుచుట్టు మీద రోకటిపోటు. అక్క చెయ్యీ, తన జాడీ! తెక్లా మొహం ముందు ఎర్రబడింది, తరవాత పాలిపోయింది. బల్లోగ్ కొడవలి పట్టుకుని పెరట్లోకి తప్పుకున్నాడు. అంతలో ఏం తట్టిందో, ఆమె మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగింది.

“ఇవ్వకేం తాతా! తప్పకుండా ఇస్తాను. ఒకే మాట. ఉత్తినే అలంకారానికి కూచోబెట్టడానికైతే ఇవ్వను. అక్క కల్లు అందులోనే పులియాలి.”

“అంతకన్నానా! అక్క చెయ్యి, ఉడుము జాడీ! ఇహ చెప్పాలా?”

“అక్కర్లేదు. ఏం చెబుతారో నాకు తెలుసు” అంది తెక్లా.

జాడీని ఆమె ఎవరి చేతా మోయించలేదు. శుభ్రంగా కడిగి, మీసాలు తుడిచి, ఎర్రచారల దుప్పట్లో చుట్టి, వీపుకి కట్టుకుని, గట్ల మీద పాటపాడుకుంటూ నడిచింది. నలభై ఏళ్ళ తరవాత తొలిసారి అక్క ఇంటికి సంతోషంగా పోతోంది.

అగినాయా పైన గుమ్మంలో కూచుని చిలగడదుంపలు చెక్కుతోంది. దుప్పటి చూసి చేతిలో కత్తి ఆపింది.

“ఏమిటే అది?”

“ఏముంటుంది, ఉడుము. పెళ్ళికల్లు ఇందులోనే పెట్టాలట. బుమాహిత్ తాతకి మాటిచ్చాను.”

“నేను నల్లదాంట్లోనే పెడతాను.”

“తాత మనవరాలి పెళ్ళికి చేపలజాడీయా? ఊరు నవ్వదూ? మొహమాటపడకే అక్కా. నేను నీకివ్వడం లేదు, అరువిస్తున్నానంతే. ఈ పెళ్ళికే కాదు, ఇకనుంచి ఎవరడిగినా ఇస్తాను. ప్రతి పెళ్ళికీ ఇస్తాను.”

అగినాయా జాడీకేసి చూసింది, చెల్లెలి మొహంకేసి చూసింది. తన చేతులకేసి కూడా ఒకసారి చూసుకుంది. తరవాత వంగి నిచ్చెనని పైకి లాగేసుకుంది.

తెక్లా ఇంటికింద, స్తంభానికి ఆనుకుని, జాడీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూచుంది. వక్క నోట్లో వేసుకుని, వేలి కణుపుతో ఉడుము కడుపు మీద ఒకసారి తట్టింది. అది ఖంగుమని చాలాసేపు మోగింది.

“ఎప్పటికైనా దిగవా అక్కా?” అంది పైకి చూసి. “నాకివాళ పనేం లేదు.”